పెరట్లో ఎర్ర తిన్నె

తొంభైల మొదట్లో మా ఆయనకు అంబత్తూరు ఎస్టేట్‌లోని ఒక పంపుల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం దొరికింది. తెనాలి నుంచి మద్రాసుకు మకాం మార్చాం. ఫ్యాక్టరీకి సైకిలు మీద వెళ్ళిరాగల దూరంలో ఒక మేడ ఇల్లు, అందులో కింది వాటా మాకు అద్దెకు కుదిరింది. పై వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. అరవై దాటిన మనిషి. భర్త పోయి కొన్నేళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకు బ్యాంకులో పని చేస్తూ టి. నగర్‌లో భార్యాపిల్లలతో ఉండేవాడు.

ఆవిడ వాళ్ళది ఎన్నో తరాల కిందటే అరవదేశంలో స్థిరపడిపోయిన తెలుగు కుటుంబం. ఆవిడ తెలుగు నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. నా తెలుగు ఆవిడకు నవ్వు తెప్పించేది. దిగిన రోజు "అత్తయ్యగారూ, మంచినీళ్ళు ఎక్కడ పట్టుకోవాలండీ?" అని అడిగాను.

"అంత పొడుగ్గా ఏంటికి పిలస్తావు పాపా? అత్తా అంటే చాలు. నీళ్ళు ఈడ పట్టుకో, బిందెలు ఆడ పెట్టుకో. అంతే" అంది, మేడ మెట్ల మీద నిలబడి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున ఒకసారి కిందికి దిగి గేటు ముందు ముగ్గు వేసి మళ్ళీ ఎక్కిపోయేది. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా పై కిటికీలోంచే.

వంటింటికి వెనక తలుపు ఒకటి ఉండేది కానీ తెరుచుకునేది కాదు. మొదటి ఎండాకాలం వచ్చేసరికి ఆ వంటిల్లు ఇటుకబట్టీలా తయారైంది. మధ్యాహ్నం కరెంటు పోతే కూర తిరగమోత వేసి వీధి గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. ఒక ఆదివారం మా ఆయన భుజంతో ఆ తలుపును బలంగా నెట్టారు. అవతల ఏదో పెద్ద చప్పుడుతో కూలింది, తలుపు తెరుచుకుంది.

అక్కడ పెరడు ఉందని అప్పుడే తెలిసింది మాకు. చిన్నదేం కాదు. ఒక మూల కొబ్బరిచెట్టు, ఇంకో మూల మునగచెట్టు, గోడకు కాస్త ఎడంగా ఇనప జల్లెడ మూత వేసిన బావి, దాని పక్కన బట్టలుతికే రాయి, వెనక కొసన వాడకుండా వదిలేసిన స్నానాలగది. కానీ వాటి దగ్గరికి పోవడానికి దారి లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కడప రాళ్ళు, విరిగిన సిమెంటు కిటికీలు, కాలు ఊడిన ఇనప మంచం, పెంకులు, తుప్పు పట్టిన డ్రమ్ములు గోడ పొడవునా పేరుకుపోయి ఉన్నాయి. వాటి నడుమ ఒక పాత స్కూటరు. దాని హ్యాండిలుకు ఏదో తీగ అల్లుకుని నీలం పూలు పూసింది.

నేను కిటికీ కిందికి పోయి అడిగాను. "అత్తా, పెరడు కాస్త శుభ్రం చేసుకుంటే ఏమైనా అంటారా? సాయంత్రాలు కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు కదా."

"ఆడ ఏం కూసుంటావు? పాములుంటాయి. సుమ్మా ఊరికే పడుండాది ఎన్నేండ్లుగానో, పడుండనీ."

"పాములుంటే మరీ శుభ్రం చెయ్యాలి కదండీ."

పై కిటికీ రెక్క ఇంకాస్త తెరుచుకుంది. తర్వాత "చెట్టు కొట్టేదానికి లేదు. గోడకి మేకు కొట్టేదానికి లేదు. ఆయన బండి జోలికి పొయ్యేదానికి లేదు" అంది. ఆ మూడూ కాక మిగతా అన్నింటికీ ఒప్పుకున్నట్టే.

ఇక మా ఆయనకు పట్టపగ్గాలు లేవు. రోజంతా ఫ్యాక్టరీలో పంపు బొమ్మలు గీసి ఇంటికొచ్చి, గళ్ళ కాగితం మీద పెరడు గీశారు. కూర్చునే చోటు, పందిరి, మొక్కల మడి, బట్టలారేసే తీగ, అన్నీ కొలతలతో. చాలా ముచ్చటగా ఉంది. ఆవిడకు చూపించడానికి మెట్లెక్కి వెళ్ళాం. కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తంబీ, ఇది ఏ పక్క తల, ఏ పక్క కాళ్ళు? నాకి కాయితంలో ఒగటీ అర్థం కాదు" అని, "పదండి కిందికి" అంటూ ముగ్గుచిప్ప అందుకుంది.

ఆవిడ పెరట్లోకి దిగడం మేము చూడటం అదే మొదటిసారి. అప్పటికి మేము సగం చెత్త ఎత్తిపోసి, నేల కనబడేలా చేశాం. ఆవిడ నడుం వంచి, పిండి జారవిడుస్తూ, నేల మీదే గీత గీసుకుంటూ పోయింది. "ఈడ తిన్నె. ఎండ పడదు, సాయంత్రం గాలి ఈ సందులోంచే వస్తాది. ఈడ పందిరి గుంజ. ఆడ కరేపాకు." మేము అరుగు అనేదాన్ని ఆవిడ తిన్నె అంటుంది. గీతలు గీయడం అయ్యాక మమ్మల్ని ఆ ముగ్గు అరుగు మీద 'కూర్చోమంది'. ఇద్దరం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. మా ఆయన అటూ ఇటూ చూసి, "అత్తా, మీ తిన్నె స్నానాలగది తలుపుకి అడ్డమొచ్చింది" అన్నారు.

ఆవిడ చూసింది. నిజమే. "మరి నీ కాయితంలో గుడ్డల తీగ తిన్నె మీద కూసున్నోళ్ళ మెడకి తగలదా?" అంది. కాగితం తీసి చూసుకున్నాం. అదీ నిజమే. ముగ్గురం పడీ పడీ నవ్వాం. కాగితం మీది పందిరి, ముగ్గులోని తిన్నె కలిపి, తలుపుకు అడ్డం లేకుండా జరిపి ఒక ఏర్పాటు కుదుర్చుకున్నాం. గాలి చెదరగొట్టేలోగా మా ఆయన ఆ గీతల మీద ఇటుక ముక్కలు పేర్చారు.

స్కూటరు ఒక్కటే మిగిలింది. దాని చుట్టూ ఊడ్చి, దాన్ని అలాగే వదిలేశాం. పెరడంతా ఖాళీ అయ్యాక అది ఒంటరిగా మరీ కొట్టొచ్చినట్టు కనబడసాగింది. ఒకరోజు ఆవిడ వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడింది. నేను చీపురు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఈ బండి ఉండాదే పాపా," అంది చివరకు, "ఇది ఒగనాడూ ఆయన మాట వినలా. కోవిలికి బయల్దేరినా, ఆసుపత్రికి బయల్దేరినా, సగం దారిలో నిలబడిపోతాది. నేను దిగి తొయ్యాల. పట్టుచీర కట్టుకోని తోసుండాను." అంటూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "పాత ఇనుమోడు వస్తే ఇచ్చెయ్. ఆ నీలంపూల తీగ మాత్రం పందిరికి పాకించు."

తిన్నె కట్టడానికి మేస్త్రి వచ్చాడు. అతనూ తెలుగువాడే కానీ ఇంటి గడప దాటితే అరవమే మాట్లాడతాడు. మాతో మాట్లాడేటప్పుడు రెండూ కలిపేవాడు. ఇటుకలు పేర్చి, పైన పలక వేసి, "కూసోని చూడండమ్మా, ఎత్తు సరిపోయిందా" అన్నాడు. ఆవిడ కూర్చుంది. లేవబోయి, మోకాలు పట్టుకుని, "ఇంకో వరస పెట్టు" అంది. ఇంకో వరస పెట్టాడు. కూర్చుంది. "ఇంకొగటి." అప్పుడు హాయిగా లేచింది. తర్వాత నేను కూర్చున్నాను. నేను పొట్టి మనిషిని. నా కాళ్ళు నేలకు ఆనలేదు, బడిపిల్లలా గాల్లో ఊగుతున్నాయి.

మేస్త్రి నావైపు చూసి, ఆవిడవైపు చూసి, తల గోక్కున్నాడు. "అమ్మకి సరిపోతే అక్కకి సరిపోలా. ఎవరికని కట్టేది నేను?"

"ఇద్దరికీ కట్టు" అంది ఆవిడ. అలా మా తిన్నె రెండు ఎత్తుల్లో తయారైంది. గోడ వైపు ఆవిడకు ఎత్తుగా, వంటింటి తలుపు వైపు నాకు పొట్టిగా. మధ్యలో మెట్టులా దిగిన చోట కాఫీ గ్లాసులు పెట్టుకోవడానికి భలే కుదిరింది. పైన ఎర్ర సిమెంటు పూసి, అద్దంలా మెరిసేదాకా నున్నగా రుద్దాడు. మిగిలిన కడప రాళ్ళన్నీ నేల మీద అంచు నుంచి అంచుకు పరిచాం. సరుగుడు కర్రలతో పందిరి వేసి కొబ్బరాకుల తడికలు కప్పించాం. బురద లేదు, దుమ్ము లేదు. మేం ముగ్గురం ఆ పెరడు చూసుకుని మురిసిపోయాం.

దీపావళి దాటాక వానలు మొదలయ్యాయి. మద్రాసు వాన ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు. రాత్రంతా కురిసి, పొద్దున కూడా ఎడతెరిపి లేకుండా దంచుతోంది. పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్ళి వెనక తలుపు తీశాను. పెరడు చెరువైంది. తిన్నెలో నా వైపు భాగం మునిగిపోయి, ఆవిడ వైపు మాత్రం ఓడలా తేలుతోంది. నీళ్ళు మా గుమ్మానికి బెత్తెడు కింద ఉన్నాయి.

మట్టి ఉన్నప్పుడు నేలే ఆ నీళ్ళన్నీ తాగేసేది. ఇప్పుడు రాళ్ళు పరిచేశాం, నీళ్ళకు పోయే దారి లేదు. నా కేకకు మా ఆయన లుంగీ ఎగగట్టి గడ్డపారతో దిగారు. పైన మెట్ల మీద గొడుగు పట్టుకుని ఇంటావిడ ప్రత్యక్షమైంది.

"గోడకి అడుగున తూము ఉండాల తంబీ! ఇల్లు కట్టినప్పుడు ఆయన పెట్టించినాడు!"

"ఎక్కడత్తా?"

"ఆడ! ఆడ కాదు, ఈ పక్క! మునగచెట్టు కాడ! లేదు లేదు, బాయి కాడనో ఏమో!"

ఆవిడ గొడుగు ఎటు తిప్పితే అటు మా ఆయన మోకాలి లోతు నీళ్ళలో పరుగెత్తి, గోడ అడుగున గడ్డపారతో పొడుస్తున్నారు. తూము మునగచెట్టు దగ్గరా లేదు, బావి దగ్గరా లేదు. గుమ్మంలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి. బియ్యం డబ్బా గ్యాసు గట్టు మీదికి ఎక్కించి నేనూ దిగాను. ఇద్దరం గోడ వెంబడి కాళ్ళతో తడుముకుంటూ పోతుంటే స్నానాలగది వెనక నా కాలికి ఒక సందు తగిలింది. మేము ఎంతో నీటుగా గోడకు ఆనించి పరిచిన కడప రాయి ఒకటి సరిగ్గా దానికి అడ్డంగా ఉంది. మా ఆయన గడ్డపార పెట్టి దాన్ని తిరగేశారు. అంతే, నీళ్ళు గుడగుడమంటూ సుడి తిరిగి వీధి కాలువలోకి లాగేయడం మొదలుపెట్టాయి. వాటితోపాటు నా చెప్పు ఒకటి కూడా పోయింది. పైనుంచి ఆవిడ గొడుగు పక్కన పెట్టేసి, వానలో తడుస్తూనే చప్పట్లు కొట్టింది.

వాన తెరిపిచ్చాక మేస్త్రిని పిలిచి పెరడు మధ్యలో రాళ్ళు తీయించాం. అలా గుండ్రంగా వదిలిన నేలలో మెట్టతామర దుంపలు, ఒక అరటిపిలక నాటాం. స్నానాలగది నీళ్ళు కూడా అటే మళ్ళించాం. మెట్టతామరకు నీళ్ళు ఎన్ని ఇచ్చినా చాలవు. సంక్రాంతి వెళ్ళేసరికి ఎర్రగా, పసుపుపచ్చగా విరగబూసింది. మేం ఎంతో ఆలోచించి పరిచిన రాళ్ళ కన్నా, పగలగొట్టి తీసిన ఆ నడిమి చోటే అందరి కళ్ళనూ లాగేది.

ఎండాకాలం వచ్చింది. సాయంత్రం ఆరయ్యేసరికి నేను రాళ్ళ మీద బకెట్టు నీళ్ళు చల్లేదాన్ని. ఆవిరి లేచి, ఆ తర్వాత నేల చల్లబడేది. దోమలకు ఒక మట్టిమూకుట్లో వేపాకు పొగ వేసేవాళ్ళం. ఇంటావిడ రోజూ ఆ వేళకు మెట్లు దిగి వచ్చి తన ఎత్తు అరుగు మీద కూర్చునేది. మెట్లు దిగడం కష్టం కదా అంటే "ఎక్కేదే కష్టం, దిగేది కాదు. అందుకే తొందరగా ఎక్కను" అనేది. తను చేసిన పులుసు తెచ్చేది, నా వేపుడు తినేది. నా మాటలో కారం, తన మాటలో పులుపు ఎక్కువని వెక్కిరించేది. కొన్నాళ్ళకు నేను కూడా "ఏంటికి?" అనడం, తను "అలాగేనండీ" అని సాగదీయడం మొదలుపెట్టాం. మా ఆయన మా ఇద్దరినీ చూసి, "మీకు దుబాసీ నేనే అనుకున్నాను, నా ఉద్యోగం పోయింది" అనేవారు.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం ఆవిడ కొడుకు వచ్చాడు. వెంట మేస్త్రి కూడా ఉన్నాడు. చేతిలో టేపు.

కొడుకు మంచివాడే. మర్యాదగా నన్ను పలకరించి, "సిస్టర్, వెనకాల ఒక చిన్న పోర్షన్ కట్టిద్దామని. ఒక రూము, కిచెన్. అమ్మకి తోడుగా ఇంకో ఫ్యామిలీ ఉంటే మాకు ధైర్యం" అన్నాడు. ఇల్లు వాళ్ళది, స్థలం వాళ్ళది. అద్దెకున్నవాళ్ళం ఏమంటాం? మా ఆయన లోపలికి వెళ్ళి పేపరు చదువుతున్నట్టు నటించారు. ఆ పేపరు తలకిందులుగా ఉంది.

పెరట్లో మేస్త్రి టేపు కొస పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. "సార్, ఈ తిన్నె నేను కట్టినదే. నా చేత్తోనే కట్టించి నా చేత్తోనే పగలగొట్టిస్తారా?"

"వేరేవాళ్ళని పిలుస్తాలే" అన్నాడు కొడుకు, నొచ్చుకోకుండా.

ఇంటావిడ అన్నీ వింటూ మెట్లు దిగింది. "ముందు అన్నం తిను నాయనా, ఎండలో వచ్చుండావు" అంది. ఆ రోజు వంట నాదీ తనదీ కలిపి పందిరి కిందే వడ్డించాం. మామిడికాయ పప్పు, ములక్కాడ పులుసు, పెరుగన్నం. మేస్త్రికీ అక్కడే ఆకు వేసింది. తిన్నాక కొడుకు "ఐదు నిమిషాలు" అని ఎత్తు తిన్నె మీద ఒరిగాడు. ఎర్ర సిమెంటు చల్లగా ఉంది. సందులోంచి గాలి వీస్తోంది. ఐదు నిమిషాల్లో గుర్రు మొదలైంది.

నాలుగైనా లేవలేదు. ఆవిడ పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతూ ఉంది. నేను కాఫీ పెట్టి తెచ్చేసరికి లేచి, ఎక్కడున్నాడో తెలియనట్టు చుట్టూ చూశాడు. మెట్టతామర పూలు చూశాడు, పందిరి మీది నీలంపూలు చూశాడు. "అమ్మా, ఇంతసేపు పడుకుని ఎన్నాళ్ళయిందో" అన్నాడు.

అప్పుడు చెప్పింది ఆవిడ. "నీ పోర్షను కట్టు. వొద్దనలా. తోడుంటే నాకీ మంచిదే. కానీ ఈడ కాదు. మేడ మీద కట్టు."

"మేడ మీదా? నీ గది పైనే కదమ్మా? కట్టినన్నాళ్ళూ చప్పుడు, దుమ్ము. నీకే కష్టం."

"నా నెత్తి మీదనే కట్టు. చప్పుడు చేస్తే నేను కిందికొచ్చి ఈడ కూసుంటా. ఈడ కడితే యాడికి పోయి కూసునేది?"

కొడుకు తల్లివైపు చూశాడు. తర్వాత మేస్త్రివైపు చూశాడు. మేస్త్రి టేపును చర్రున చుట్టేసి చంకలో పెట్టుకుని, అప్పటికే మేడ మెట్లెక్కుతున్నాడు. కొడుకు నవ్వేశాడు. లోపల మా ఆయన పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

చెప్పినట్టే మేడ మీద కట్టారు. ఆ నెలల్లో ఆవిడ పొద్దున దిగితే సాయంత్రానికి గానీ ఎక్కలేదు. నాతోపాటు కూరలు తరిగింది, మధ్యాహ్నం తిన్నె మీద కునుకు తీసింది, పనివాళ్ళకు మజ్జిగ పోసింది. ఆ వాటాలోకి మదురై వైపు నుంచి ఒక జంట చంటిపిల్లతో వచ్చారు. ఆ పిల్ల మొదటి అడుగులు వేసింది మా కడప రాళ్ళ మీదే. కొడుకు కూడా నెలకోసారి వచ్చేవాడు కాస్తా ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు. పిల్లల్ని బావి చుట్టూ వదిలేసి తను నిద్రపోయేవాడు. "నన్ను చూసేదానికి కాదు, పండుకునేదానికి వస్తాడు" అనేది ఆవిడ, పైకి విసుక్కుంటూ, లోపల మురిసిపోతూ.

మేము ఆ ఇంట్లో ఉండగానే మా అబ్బాయి పుట్టాడు. వాడు బడికి వెళ్ళే వయసొచ్చాక, దగ్గర్లోనే ఒక సొంత ఫ్లాట్ అమరి ఇల్లు మారాం. గృహప్రవేశానికి ఆవిడ వచ్చింది. లిఫ్టులో ఎక్కి, గదులన్నీ తిరిగి చూసి, వంటింటి అలమరాలు తెరిచి చూసి, బాగుందంది. చివరకు బాల్కనీలోకి తీసుకెళ్ళాను. ఒక కుర్చీ, ఒక తులసి కుండీ పడితే నిండిపోయే బాల్కనీ. ఆవిడ కుర్చీలో కూర్చుంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"బాగుండాది పాపా" అంది. "గాలి కూడా వస్తాది. అయితే ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒగరు ఇంట్లో నిలబడాల."

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడకూ ఆగలేదు. మా నవ్వు విని మా ఆయన వచ్చి, బాల్కనీలో చోటు లేక నా భుజం మీదుగా తొంగి చూశారు. ఆయన్ని చూడగానే ఆవిడ, "తంబీ, ఆదివారం మధ్యానం మా ఇంట్లో సాపాటు. ముగ్గురూ రావాల" అంది.

వెళ్ళాం. ఆ ఆదివారం వెళ్ళాం, ఆ తర్వాతి ఆదివారాలూ చాలా వెళ్ళాం.